మందారానికి వేసే కత్తెర

మా బాబాయి ఎవరినీ నమ్మడు. తాళం వేశాక లాగి లాగి చూస్తాడు, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొస్తాడు. ఆసుపత్రి తోటపనిలోనే ఆయన జుట్టు నెరిసింది. తన చేతి కత్తెర మీద మాత్రం ఆయనకు ఏనాడూ అనుమానం రాలేదు.

గేటు నుంచి లోపలికి వెళ్లే దారికి ఒక పక్క మందారం కంచె. రెండో పక్క, పూలు పూయకుండా ఏడాది పొడవునా పచ్చగా ఉండే సైప్రస్. వానలు తగ్గాక బాబాయి మందారాన్ని ఎప్పటిలాగే మోడుదాకా కొట్టేశాడు. సైప్రస్ కూడా దారికి అడ్డొస్తోందని ఈసారి దానికీ అదే వైద్యం చేశాడు. మందారం గుబురుగా చిగుర్లేసి మొగ్గలు తొడిగింది. సైప్రస్ ఎండు చీపుళ్ల వరసైపోయింది.

"ఎవడో మందు పోశాడు," అన్నాడు బాబాయి.

ఆ ఎవడో ఎవరో కూడా ఆయనే తేల్చేశాడు. గేటు కాపలాదారు, అంటే సాక్షాత్తూ తన వియ్యంకుడు. స్కూటర్లకు చోటు చాలడం లేదని ఆయనెప్పుడో గొణిగాడట. బాబాయి మట్టి తీసి వాసన చూశాడు. ఏ వాసనా రాకపోయేసరికి, వాసన రాని మందే తెచ్చాడన్నాడు. పెద్ద డాక్టరు చెవినా వేశాడు. సంగతి తేలేదాకా కాపలాదారును పనిలోకి రావద్దన్నారు.

బాబాయి కూతురే ఆ ఇంటి కోడలు. చెల్లి ఫోనులో ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు వెనక మూలన ఒక్క సైప్రస్ నిక్షేపంగా పచ్చగా ఉంది.

"దీనికి మందు పోయలేదేం బాబాయ్?"

"మర్చిపోయుంటాడు."

"నువ్వు దీన్ని కత్తిరించావా?"

"అక్కడ చెయ్యి పట్టదురా," అని ఆగిపోయాడు. వెళ్లి ఎండిన మొక్కల్ని ఒక్కొక్కటే వంచి చూశాడు. అడుగున ఆకు మిగిలిన రెమ్మలే పెరుగుతున్నాయి. బోడి కొమ్మ మీద ఒక్క చిగురూ లేదు.

"మోడు చేసినా మందారం చిగురిస్తుంది కదరా."

"అది మందారం బాబాయ్."

 ఆయన తనంతట తానే పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి చెప్పేశాడు.

కాపలాదారు పనిలోకి వచ్చిన రోజు బాబాయి ఫ్లాస్కుతో గేటు దగ్గరికెళ్లి, రెండు కప్పుల్లో టీ పోశాడు.

"తప్పయిపోయింది బావగారూ."

కాపలాదారు కప్పు అందుకుని బల్ల మీద పెట్టాడు.

"ముందు మీరు తాగండి బావగారూ," అన్నాడు.

ఆ మాటలో వేళాకోళం లేదు. బాబాయి తాగాడు. గుటక దిగేదాకా కాపలాదారు చూస్తూనే ఉన్నాడు.