మరమనిషి తరఫున వకాల్తా

సీరియల్ కోసం ఇంత కోపమేమిటని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. సీరియల్ కోసం కాదని ఆమెకూ తెలుసు. తెలిసీ అలా అంటుందే, అదీ నా మంట.

మణుగూరు బొగ్గుగని కాలనీలో మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఒక బాబాయి ఉంటాడు. నాన్నతో పాటు గనిలో బొగ్గు మోసే డంపరు నడిపినవాడు. శనివారం సాయంత్రాలు టీవీలో వచ్చే అంతరిక్ష సీరియల్ గురించి మాట్లాడుకోవడానికి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. పరాయిదేశపు సీరియల్, తెలుగులో డబ్బింగు. ఆకాశంలో గుట్టలంత రాళ్లను తవ్వి మోసుకొచ్చే ఒక నౌక, అందులో పనిచేసే జనం, వాళ్ల గొడవలు. మా కాలనీకి అది అంత పిచ్చిగా ఎందుకు ఎక్కిందో వేరే చెప్పాలా? షిఫ్టులు, సైరన్లు, పైవాళ్ల తిట్లు, అన్నీ మావే. చూస్తుండగానే గ్రూపులోకి వేంసూరు నుంచి ఒక సైన్సు మాస్టారు, ఎర్రుపాలెంలో బట్టలు కుట్టే ఒక అక్క, ఇంకా ఎవరెవరో చేరారు. నాన్న కూడా ఉన్నాడు. రాయడు, మాట్లాడడు. ముందుగదిలో మంచం మీద పడుకుని అందరి వాయిస్ మెసేజీలూ స్పీకరు పెట్టుకుని వింటాడు.

ఆ గ్రూపులో నా గోలంతా మరమనిషి గురించే. ఆడమనిషి రూపం దానిది. ఇంజను గదిలో ముసలి ఇంజనీరుకు తోడుగా ఏళ్లకేళ్లు పనిచేసింది. ముసలాయనకు చూపు తగ్గింది. ఇంజను గది తాళం ఇంకొకరికి అప్పగించాలి. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఇంజనీరు. ఎవరికిచ్చాడు? నిన్నగాక మొన్న నౌక ఎక్కిన మేనల్లుడికి! ఇంజను ఏ మూల వేడెక్కుతుందో కూడా తెలియదు వాడికి. మరమనిషి ఒక్క మాట అనలేదు. వెళ్లి ఎప్పట్లాగే ఇంజనుకు నూనె పెట్టింది.

ఆ శనివారం గ్రూపు అట్టుడికిపోయింది. మాస్టారు ఒక పెద్ద వ్యాసమే రాశాడు. ఇక్కడ ప్రశ్న న్యాయం గురించి కాదట, తయారుచేసిన వస్తువుకు కోరిక ఉంటుందా లేదా అన్నదట. కోరికే లేనిదానికి అన్యాయం ఎలా జరుగుతుందని అడిగాడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. పొయ్యి మీద పప్పును అలాగే వదిలేసి వాయిస్ నొక్కాను.

"సార్, తాళం చేతులు మారేటప్పుడు కెమెరా ఎవరి మీదున్నది? ముసలాయన మీద లేదు, పిల్లగాని మీద లేదు. దాని చెయ్యి మీదున్నది. ఆ చెయ్యి జర పైకి లేచి మళ్ల కిందికి పోయింది. కోరిక లేకపోతే చెయ్యెందుకు లేస్తది? మీరు సరిగ్గ చూడలే."

"అవ్ చెల్లే, నేను గూడ చూసిన. ఏడుపొచ్చింది నాకు," అని కుట్టే అక్క వాయిస్ పెట్టింది. దాని కింద ఏడుపు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. మరమనిషి కోసం ఎంతమంది ఏడ్చారని!

అసలు సంగతి చెబుతాను. డంపరు కుదుపులకు నాన్న నడుము పోయింది. మా దగ్గర గనిలో చేసేవాడు ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఇంట్లో పిల్లల్లో ఒకరికి కొలువు వస్తుంది. కొడుకైనా సరే, కూతురైనా సరే, పేరు తండ్రే ఇవ్వాలి. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాను. కాలనీలో ఫ్యాను తిరగకపోతే నా దగ్గరికే వస్తారు. నాన్నను లేపి కూర్చోబెట్టేది, దవాఖానాకు తిప్పేది, ఇంట్లో వండేది కూడా నేనే. తమ్ముడు డిగ్రీ మధ్యలో వదిలేసి బండి మీద తిరుగుతుంటాడు. వాడు చెడ్డవాడేం కాదు, బద్ధకస్తుడు. నాన్న బోర్డుకు వెళ్లొచ్చాక కూడా కొలువు ఎవరికన్న మాట మా ఇంట్లో ఎవ్వరూ ఎత్తలేదు; పేరు ఇంకా ఇవ్వలేదనే అనుకున్నాను. నేను ఎత్తబోతే అమ్మ కళ్లతోనే ఆపేసేది. అందుకని శనివారం శనివారం, తాళం దానికే దక్కాలని మరమనిషి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. నాన్న వింటాడని, వినాలనే.

విన్నాడు. తాళం మేనల్లుడికి పోయిన మర్నాడు నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుంటే, గ్రూపులో ఎన్నడూ నోరు విప్పనివాడు ముందుగదిలో ఫోను మూతి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాడు.

"అందరికి నమస్తే. ముసలాయన చేసిందే కరెక్టు. ఆ మిషిన్‌కు తాళం ఇచ్చినా ఇయ్యకున్నా పని చేస్తది. పిల్లగానికి ఇయ్యకపోతే ఆగమైతడు. ఎట్లయినా చేసేటోళ్లు ఒకలున్నప్పుడు, చెయ్యనోనికే ఆసరా ఇయ్యాలె గదా."

ఆయన నోటి నుంచి ఒకసారి విన్నాను. తన మాటలు తానే స్పీకర్లో పెట్టుకుంటే రెండోసారి విన్నాను. గ్రూపు నిండా చప్పట్లు. 'అనుభవం మాట్లాడింది' అని మాస్టారు రాశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కత్తిపీట పక్కకు తోసి ముందుగదిలోకి వచ్చాను. తమ్ముడు అక్కడే కుర్చీలో ఉన్నాడు.

"నాన్నా, మిషిన్ సంగతి ఇడిసిపెట్టు. నీ కొలువు నాకు కావాలె. అడుగుతున్న, చెప్పు."

నాన్న ఫోను బోర్లా పెట్టాడు. "ఇప్పుడు అడుగుతవేంది బిడ్డా? బోర్డుకు పోయిన్నాడే తమ్ముని పేరు ఇచ్చిన గద."

ఆ రోజు ఆయనను తీసుకెళ్లింది నేను. భుజం ఆసరా ఇచ్చి గది గుమ్మం దాకా నడిపించింది నేను. ఆయన లోపల పేరు చెబుతుంటే, ఎక్స్‌రే కవర్లు ఒళ్లో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చున్నది నేను. అది జరిగాక కూడా ఇన్ని శనివారాలు నా గొంతు స్పీకర్లో పెట్టుకుని విన్నాడీయన!

"నాకు చెప్పాలని అనిపియ్యలేదా?"

"చెప్తే కొట్లాడుతవు."

"నేను ఇయ్యమని అడగలేదక్కా," అన్నాడు తమ్ముడు.

"వద్దని గూడ అనలే గదరా!" అన్నాను.

అమ్మ వచ్చి నోరు మూసుకోమంది. ఎన్నాళ్లని మూసుకుంటాను? అక్కడే నిలబడి, ఆయన ముందే, ఫోను తీసి వాయిస్ నొక్కాను. "అందరు వినుండ్రి. ఇన్ని దినాలు నేను మాట్లాడింది మిషిన్ గురించి గాదు. నేను మనిషిని, పని నేర్చుకున్నదాన్ని. మా నాన్న కొలువు నాకు కావాలని ఉండె. నన్ను ఒక్కమాట అడగకుండ తమ్మునికి ఇచ్చేసిండు. మీరంత ఇది న్యాయమేనంటరా?"

అందరూ విన్నట్టు ఫోను చూపిస్తూనే ఉంది. మరమనిషి చెయ్యి చూసి ఏడ్చిన అక్క కూడా వింది, ఏమీ అనలేదు. కాసేపటికి బాబాయి రాశాడు: 'ఇంటి సంగతులు గ్రూపుల పెట్టొద్దు బిడ్డా. మనం సీరియల్ గురించే మాట్లాడుకుందం.'

దాని కింద బొటనవేళ్లు ఒకటొకటిగా లేవడం మొదలైంది. మొదటిది నాన్నది.