కూలర్‌కి కప్పిన బొంత

పై అంతస్తులో ఉండే సుజాత కొత్త కలర్ టీవీ చూపిస్తానని పిలిస్తే ఇవాళ సాయంత్రం వెళ్ళాను. ఈ ఉత్తరాది జనక్‌పురి చలికి వాళ్ళ అత్తగారు, అదే మామ్మగారు, వణికిపోతున్నారని పోయిన నెలే నా మెత్తటి పాత చీరలు కలిపి ఆవిడకో బొంత కుట్టి ఇచ్చాను. కుట్టినన్నాళ్ళూ ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నంత హాయిగా ఉండేది నాకు.

తీరా చూస్తే ఆ బొంత బాల్కనీలో ఉంది. వేసవిదాకా పనిలేని కూలర్‌కి దుమ్ము పట్టకుండా చుట్టబెట్టారు!

"పాత చీరలది కదా ఆంటీ! ఇంటికి ఆఫీసువాళ్ళు వస్తుంటారు, అచ్ఛా నహీ లగ్‌తా, చూడ్డానికి బాగుండదు" అంది సుజాత, కాస్తయినా సిగ్గులేకుండా.

"అవునమ్మా, పాపం కూలర్‌కి చలేస్తుంది" అన్నాను.

బొంత విప్పి, వాళ్ళ మెరిసే హాల్లోనే దుమ్ము దులిపి, లోపలి గదిలో పల్చటి దుప్పటి కింద ముడుచుకున్న మామ్మగారికి కప్పాను. అది చాకలికి వేశామని ఆవిడకి చెప్పారట! మామ్మగారు బొంతను గడ్డందాకా లాక్కుని, హాల్లోకి వినబడేలా అన్నారు:

"ఇంక దీన్ని ఉతికించొద్దని చెప్పమ్మా. నాకు మురికి బొంతే బాగుంది."

మీరైతే ఆ సుజాతని ఏమనేవారో చెప్పండి. నాకొచ్చిన మాటలు చాలలేదు.