ట్రిగ్గర్‌కి రాసిన గ్రీజు

ఇనప గనుల కొండల కింద బచేలి స్టేషన్లో దిగేసరికి ఉదయం పదింపావు. జూలై నెల. వాన దంచేస్తోంది. మేం ఏడుగురం, సైన్యంలో ఇంజనీర్ల దళానికి చెందిన డైవింగ్ టీమ్. సామాను పద్నాలుగు పెట్టెలు. అందులో మూడు నావి, ఒక్కోటి ముప్పై నాలుగు కిలోలు. పోర్టరు ఒకటి ఎత్తబోయి, "ఇందులో ఏటుంది బాబూ, ఇంత బరువు?" అన్నాడు. మా విజయనగరం వైపువాడే. ఆ లైను మీద రైల్వేలో సగం మంది మావాళ్ళే. "స్కూటరు" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని ముఖం ముడుచుకున్నాడు.

మన ఊళ్ళోనూ ఇదే వరస. స్కూటరంటే చాలు, నవ్వుతారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. నీటి స్కూటరుకి చక్రాలుండవు. గ్యాస్ సిలిండరంత గొట్టం, లోపల బ్యాటరీ, వెనక ఫ్యాను. దాని తాడు కొక్కెంతో డైవర్ నడుం బెల్టుకి తగిలిస్తాం. ట్రిగ్గర్ నొక్కితే అది నీళ్ళలో ముందుకు పోతూ మనిషిని లాక్కుపోతుంది. వదిలితే ఆగాలి. ఆ ఆగేట్టు చూడటమే నా ఉద్యోగం. నేను దిగేవాణ్ణి కాను, బిగించేవాణ్ణి.

మాకిచ్చిన ఆర్డరు వానాకాలమంతా వరదల్లో చిక్కుకున్నవాళ్ళని కాపాడమని. కాపాడింది తక్కువ. బాసగూడ వాగులోనైనా, కొండ కింద గుంటల్లోనైనా, మేం చేరేసరికి ఆలస్యమైపోయేది. శవాలే తీశాం. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, అదే నిజం.

పొద్దున్న ఐదున్నరకి నా పని మొదలు. మూత దగ్గర రబ్బరు రింగు తీసి, వెంట్రుకైనా అంటుకుందేమో చూసి, తుడిచి వెయ్యాలి. తాడు పొడవు ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళకి కట్టాలి. తరవాత తొట్టిలో వేసి చూడాలి: మునక్కూడదు, తేలకూడదు. మా హవల్దార్ డైవర్‌ది పార్వతీపురం, ఆరడుగుల మనిషి. ఆయన తాడు కట్టినప్పుడల్లా, "అన్నా, నీ చేతులు కొలవడానికి టేపు చాలట్లేదు" అనేవాణ్ణి. "ఏడిశావులే, ముందు ముడి సరిగ్గా వెయ్" అనేవాడు.

అక్కడ మాకో కొత్త తలనొప్పి వచ్చిపడింది. ట్రిగ్గర్లో చిన్న అయస్కాంతం ఉంటుంది. నొక్కితే అది లోపలి స్విచ్ దగ్గరకొచ్చి మోటారు తిరుగుతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. కొండలన్నీ ఇనుమే కదా, నీళ్ళలో కూడా ఇనప నూకే. రెండోరోజుకే అయస్కాంతానికి గడ్డం మొలిచింది. గుడ్డతో తుడిస్తే పక్కకి జరుగుతుంది తప్ప పోదు. బచేలి వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఫిట్టరు ఒకాయన చూసి, "చపాతీ పిండి అద్దు నాయనా, ఊడొచ్చేస్తాది" అన్నాడు. నిజంగానే ఊడొచ్చింది. రోజూ ఒక ముద్ద పట్టుకెళ్తుంటే మా వంటవాడు గోల. "నీ బండికి కూడా నేనే వండి పెట్టాలేట్రా?"

సెప్టెంబర్లో ఒక పాడుబడ్డ రాళ్ళ క్వారీకి పిలిచారు. నిండా ఎర్రనీళ్ళు. నీళ్ళు తోడే పంపున్న తెప్ప బోల్తాపడి, పంపు నడిపే కుర్రాడు మునిగిపోయి మూడు రోజులైంది. వాళ్ళది బాసగూడ అవతల, వ్యవసాయం. తల్లి ఒడ్డున వానలో కూర్చుని ఉంది. ఊరివాళ్ళు తాళ్ళకి కొక్కేలు కట్టి గాలించబోతుంటే అడ్డం పడింది.

"కొక్కేలెయ్యకుండ్రి సారూ. మీ కాళ్ళు మొక్కుత. నా కొడుకుకు నొప్పైతది."

"ఏంది పెద్దమ్మా, పోయినోనికి నొప్పేంది?" అన్నాడెవరో.

హవల్దార్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వెయ్యనియ్యనమ్మా. నేను పోయి పట్టుకొస్తాను" అన్నాడు.

దిగేముందు నా దగ్గరకొచ్చి, "ట్రిగ్గర్ గట్టిగా ఉందిరా తమ్ముడూ, వేలు నొప్పెడుతోంది" అన్నాడు. శెనగగింజంత గ్రీజు తీసి కీలుకి రాశాను. విశాఖ సముద్రంలో మాకు నేర్పిందదే. ఉప్పు తినేస్తుంది, కదిలే ప్రతి దానికీ గ్రీజు పెట్టు. ఆలోచించనే లేదు, చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోయింది. బకెట్లో మంచినీళ్ళు పోసి మూడుసార్లు నొక్కి చూశాం. నొక్కితే తిరిగింది, వదిలితే ఆగింది. "ఇప్పుడు వెన్నలా ఉంది" అన్నాడు.

పదీనలభైకి దిగాడు. ఆయన నడుముకి కట్టిన రెండో తాడు నా చేతుల్లో. ఒక లాగు లాగితే బాగున్నానని, రెండు లాగితే దొరికాడు వస్తున్నానని. పదకొండూ రెండుకి రెండు లాగులొచ్చాయి. "దొరికాడు సార్!" అని మా టీమ్ పెద్ద సుబేదార్‌కి అరిచి చెప్పాను. తల్లి లేచి నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు తాడు వదులవ్వాలి. అవలేదు. నా చేతుల్లోంచి జర్రున బయటికి పోయింది. నీళ్ళలో మునిగిన చెట్ల గుంపు చుట్టూ తిరిగొస్తున్నాడనుకున్నాను. సిగ్గులేని నోరు నాది. సుబేదార్‌తో గర్వంగా, "బండి ఊపు చూడండి సార్" అన్నాను.

నలభై మీటర్ల దగ్గర తాడు ఆగింది. ఒకసారి లాగాను. జవాబు లేదు. మళ్ళీ లాగాను. సుబేదార్ నా ముఖం చూసి, "దూసరా డైవర్! జల్దీ!" అని రెండో డైవర్ని తొందరపెడుతూ కేకేశాడు.

పదకొండూ ముప్పై ఐదుకి ఇద్దర్నీ కలిపే పైకి తెచ్చారు.

ఒంటిగంటకి స్కూటరు విప్పాను. గ్రీజంతా ఇనప నూక పట్టి, ముద్దకట్టి, ట్రిగ్గర్ నొక్కినచోటే బిగుసుకుపోయింది. వదిలినా బండి ఆగలేదు. మునిగిన చెట్ల కొమ్మల్లోకి ఈడ్చుకుపోయింది. నోట్లోంచి గాలి గొట్టం ఊడిపోయింది. ఎడమ చేత్తో నడుం దగ్గర కొక్కెం విప్పేసుంటే బతికేవాడు. ఎడమ చెయ్యి ఖాళీగా లేదు. ఆ కుర్రాడి చొక్కా కాలరు పట్టుకుని ఉంది.

విచారణలో పరికరం లోపమని రాశారు. "గ్రీజు నేను రాశాను సార్" అన్నాను. "అది కూడా రాసుకున్నాం. నీ తప్పేం లేదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అప్పుడైనా ఎవరైనా నన్ను తిట్టుంటే బాగుండేది.

నవంబర్లో అదే లైను మీద తిరిగొచ్చాం, ఆరుగురం. ఇంటికి వెళ్ళకుండా ముందు పార్వతీపురంలో అన్న ఇంటికి వెళ్ళాను. గ్రీజు సంగతి దాచకుండా వదినకి చెప్పాను.  "కావాలని రాశావేటి?" అంది. లేదన్నాను. "అయితే ఏడవకు, అన్నం తిను" అని కంచం పెట్టింది. 

సైన్యం అనగానే మీరందరూ కాల్పుల గురించి అడుగుతారు. నాకవేం గుర్తుండవు. ఒకటే కనబడుతుంది. ఒడ్డున టార్పాలిన్ మీద ఇద్దరూ పక్కపక్కన. హవల్దార్ వేళ్ళు ఆ కాలరుని వదలట్లేదు. సుబేదార్ లాగి చూశాడు, రాలేదు. నేను దగ్గరకి పోలేకపోయాను. ఆ తల్లి మమ్మల్నందర్నీ పక్కకి జరిపింది. తన కొడుకు ముఖం వైపు ఇంకా చూడనే లేదు. మా అన్న చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, అరచేత్తో మెల్లగా రుద్దింది.

"ఇగ ఇడువు బిడ్డా. ఒడ్డుకొచ్చినం" అంది.

ఒక్కో వేలే విప్పింది.