కాటుక కండ్ల బర్రె

ఆ రోజుల్లో కామారెడ్డిలో బ్రష్షు పట్టినవాడికి ఒక దర్జా ఉండేది. హోటల్‌కి పోతే అందరికంటే ముందు మాకే చాయ్ వచ్చేది. (చొక్కా మీది రంగు కుర్చీలకు అంటకముందే మమ్మల్ని పంపేయాలని కాబోలు, ఇప్పుడు అనుమానమొస్తోంది.) సినిమా బ్యానర్లు గీసే మా ఉస్తాద్ దగ్గర నేను నేర్చుకున్న విద్య ముఖ్యంగా ఒకటే, హీరోయిన్ల కళ్లు వేయడం. కాటుక దిద్ది, కొసలు చెవుల దాకా లాగిన కళ్లు. అవి వచ్చినవాడికి లోకంలో గీయలేనిదేదీ ఉండదని నా నమ్మకం.

ఆ నమ్మకంతోనే మొదటిసారి ఒక్కడినే పనికి ఎల్లారెడ్డి వెళ్లాను. అక్కడ పాలు, పెరుగు అమ్మే ఒక అవ్వ ఉండేది. ఊరంతా పాలవ్వ అని పిలిచేవారు. ఆమె దుకాణం గోడ మీద బర్రె బొమ్మ వేయాలి. "మంచిగ గీసినవా, ఇగ నీకు సొంతంగ పనులిస్త. లేకుంటె మల్ల రంగు డబ్బాలు కడుగుడే" అని చెప్పి పంపాడు ఉస్తాద్.

మధ్యాహ్నానికల్లా బర్రె తయారైంది. దూరం జరిగి చూసుకుని నాకు నేనే మురిసిపోయాను. అవ్వ బయటికొచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవలి బర్రె?"

"ఎవలిది కాదవ్వా, ఉత్త బర్రె."

"ఉత్త బర్రె పాలు నేనమ్ముతలేను బిడ్డా, నా బర్రె పాలమ్ముతున్న. గీ కండ్లేంది, పెండ్లికి పోతున్నదా ఇది?"

అంటూనే వెనక కొట్టంలోంచి తన బర్రెను తోలుకొచ్చి, గోడ పక్కనున్న గుంజకు కట్టేసింది. "దీన్ని సూసుకుంట గియ్యి" అంది. ఆ బర్రె నా బొమ్మను కాసేపు తేరిపార చూసింది. (అసూయే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.) తర్వాత వీపు దురద పెట్టిందో ఏమో, తడి ఆరని గోడకు ఒళ్లంతా రుద్దుకుని, తాడు తెంపుకుని బజారు వైపు నడిచింది. దాని డొక్క మీద నేను వేసిన కాటుక కన్ను! వెనక బ్రష్షుతో నేను, నా వెనక అవ్వ. "పొద్దుమీకి ఇది పాలియ్యలేదనుకో, నీ సంగతి జెప్త!" మంగలి దుకాణంలోంచి ఎవరో సగం గడ్డంతోనే బయటికొచ్చి, "అవ్వా, నీ బర్రె మూడో కన్ను తెరిచింది!" అని అరిచారు.

దాన్ని ఎలాగో పట్టి తెచ్చి, మంచినూనె గుడ్డతో డొక్క తుడుస్తూ, సాయంత్రం పాలివ్వమని దానికే దండం పెట్టుకున్నాను. ఇచ్చింది, మహాతల్లి. మర్నాడు దాని ఎదుట కూర్చుని, గీసేదాన్ని జీవితంలో మొదటిసారి సరిగ్గా చూశాను. కిందికి వంగిన ఒక కొమ్ము, చిరిగిన చెవి, ఎవరినీ ఖాతరు చేయని చూపు. బొమ్మ పూర్తయ్యాక దారిన పోయే ఒకాయన సైకిల్ ఆపి, "అరె, గిది పాలవ్వ బర్రె గాదు?" అన్నాడు. ఆ మాట నాకు పండగే. చూడటానికొచ్చిన ఉస్తాద్ మాత్రం "కండ్లు చిన్నగైనయి గదరా" అని సణిగాడు. అయినా మళ్లీ డబ్బాలు కడిగించలేదు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. బ్రష్షులు మూలపడేసి నేనూ ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాయకుల ముఖాలు తెల్లబరచడమే అక్కడ నా కళ. పాలవ్వ కొడుకు కూడా నా దగ్గరే నల్లమచ్చల సీమావు ఫ్లెక్సీ చేయించుకున్నాడు. అది కట్టడానికి వెళ్తే అవ్వ నిలదీసింది: "గీ ఆవు పాలు నేనేడికెల్లి తేవాలె రా?"

"గిప్పుడు ఇదే ఫ్యాషన్ అవ్వా" అన్నాను, నేల చూపులు చూస్తూ.

ఇప్పుడు ఫ్యాషన్ మళ్లీ మారింది. మొన్న భిక్నూర్ దగ్గర హైవే మీద కొత్తగా హోటల్ పెట్టిన కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "బోర్డు చేతితోనే రాయాలె అన్నా. మిషన్ కొట్టినట్టు ఉండొద్దు, గీతలు జర వంకర పోవాలె" అన్నాడు. వంకరగా రాయడం నాకెవరూ నేర్పలేదు. అందుకని నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి, నాకు చేతనైనంత తిన్నగా రాశాను. కుర్రవాడు చప్పట్లు కొట్టాడు.

"గిదే అన్నా నాక్కావలసింది! గీ వంకర ఎట్ల తెచ్చినవే?"

"అనుభవం తమ్మీ" అంటూ, వణుకుతున్న చేతిని జేబులో పెట్టుకోబోయి, నిచ్చెన మీదున్నానని గుర్తొచ్చి, రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దిగాను.