మూడు గుక్కల నీళ్లు

అప్పుడు మా కోడలు లక్ష్మికి రెండో కాన్పు అయి పన్నెండు రోజులు. మాది మందస దగ్గర పల్లె. నా కాన్పులప్పుడు, బాలింత నీళ్లు తాగితే ఒళ్లంతా నీరు పడుతుందని మా అత్త నన్ను కట్టడి చేసేది. నేనూ కోడలికి పూటకు మూడు గుక్కలే ఇచ్చేదాన్ని. ఆ రోజు లక్ష్మి "తల పగిలిపోతంది అత్తా" అంటే, "పచ్చి బాలింతవి, ఓర్సుకో" అన్నాను.

మర్నాడు పొద్దున్న పాలిస్తుండగా లక్ష్మి కుడిచేయి వాలిపోయింది. నేను బిడ్డను అందుకునేలోగా ఆమెకు ఫిట్సు వచ్చాయి. పలాసలో చూసి విశాఖపట్నం పంపారు. ఇంత చిన్నపిల్లకు పక్షవాతమేటని దారిపొడవునా ఏడ్చాను.

స్కాన్ చూసిన డాక్టరమ్మ, "మెదడు నుంచి రక్తం వెనక్కి వచ్చే నాళంలో గడ్డ ఉంది. ఈమె నీళ్లు బాగా తాగేదా?" అని అడిగింది. మా అబ్బాయి నా వైపు చూశాడు. అబద్ధం చెబుదామనిపించింది. కానీ అక్కడ లక్ష్మి ప్రాణం ఉంది.

"నేనే ఇవ్వనేదమ్మా. పూటకి మూడు గుక్కలు."

ఆమె తిట్టలేదు. "చెప్పి మంచిపని చేశావు. కాన్పయ్యాక రక్తం చిక్కబడుతుంది, నీళ్లు తగ్గితే మరీను. ఇది తగ్గే జబ్బే" అంది. గడ్డ పెరగకుండా సూదులు వేశారు.

మూడు నెలలకు లక్ష్మి చెంబు తనే ఎత్తి, "ఇప్పుడైనా తాగనిత్తావా అత్తా?" అని నవ్వింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరు ప్రసవించినా, 'బాలింతకు అడిగినన్ని నీళ్లు ఇవ్వండి' అని ఆ ఇంటి తలుపు మీద నేనే సుద్దతో రాస్తాను. నాకు అక్షరాలు దిద్దించింది లక్ష్మే, నా చేయి పట్టుకుని, తన కుడిచేత్తో.