కొండమ్మాళ్ అత్త ఎక్కిన మోటారు సైకిలు

నిన్న సాయంత్రం విరుదునగరంలో, మురుకులు వేయించే అంగడి ముందు ఎవరో ఒక పెద్దమనిషి మోటారు సైకిలు ఆపాడు. ఆపాడు అనడం మర్యాద కోసం. అది తనంతట తానే ప్రాణం విడిచింది. దాని వెనక గొట్టం నుంచి వచ్చిన నీలిపొగ, బాణలి మీది కాగిన మంచినూనె ఆవిరి కలగలిసి వీధంతా కమ్ముకుంది. అంగడివాడు దగ్గాడు, కొనేవాళ్ళు దగ్గారు, ఆవు కూడా దగ్గింది. నేను మాత్రం కర్పూర హారతి ముందు నిలబడినట్టు నిలబడి, రెండు చేతులా ఆ పొగను కళ్ళకద్దుకున్నాను. పక్కనున్న నా భార్య నేనెవరో తెలియనట్టు చీరల కొట్టు వైపు తిరిగి నిలుచుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ వాసనకు నా గుండెలో ఎవరు లేచి కూర్చున్నారో ఆమెకెలా తెలుస్తుంది? ఆమె కాపురానికి వచ్చేనాటికి మా కొండమ్మాళ్ అత్త లేదు.

కొండమ్మాళ్ మా నాన్నకు అక్క. మామ పోయాక కోవిల్పట్టిలోని జిన్నింగు మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు, ఆమె చేతికి వచ్చింది. చేతికి రావడమేమిటి, గుప్పిట్లోకి వచ్చింది. ఆమె నశ్యం పీల్చి తుమ్మితే సాత్తూరులో రైలు సిగ్నలు వాలిపోయేదని చెప్పుకునేవారు. నేను కళ్ళారా చూడలేదు గానీ, మిల్లు పావురాలు లేచిపోవడం చూశాను. ఆమె చదువుకోలేదు. కానీ వంటింట్లో చారుకు పోపు పెడుతూ, అంత దూరంలో ఆడుతున్న ఇంజను చప్పుడు విని, "దానికి బెల్టు జారుతుండాది, పోయి చూడండ్రా!" అని అరిచేది. పోయి చూస్తే జారుతూనే ఉండేది.

ఆ మిల్లులో నాది రాజోద్యోగం. మా పత్తి మచ్చును, అంటే నమూనా గుప్పెడును, నీలికాగితంలో చుట్టి, మోటారు సైకిలు మీద పొద్దున్నే విరుదునగరం తీసుకుపోయి, బేరం కుదిర్చే తరగరి బల్ల మీద పెట్టాలి. రైలుకట్ట అవతలి మిల్లువాళ్ళ మచ్చు తెల్లవారుజాము బస్సులో వచ్చేది. ఎవరి మచ్చు ముందు విప్పితే ఆ రోజు బేరం వాళ్ళది. బస్సు నాకన్నా ముందు బయల్దేరినా ఊరూరా ఆగి, మనుషుల్నీ మేకల్నీ ఎక్కించుకుని వచ్చేసరికి నేను అక్కడ రెండో కాఫీ తాగుతుండేవాణ్ణి. తలకు గుడ్డ, కళ్ళకు అద్దాలు, ఒంటి నిండా నల్లరేగడి దుమ్ము. దారి పొడుగునా పొలాల్లో ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి నన్నే చూసేవారని నా నమ్మకం. దుమ్ము కళ్ళలో పడి ఆపేవారని మా చిన్నసామి మామ నమ్మకం. ఆయన అత్తకు మరిది. మిల్లులో తూకం చూసేవాడు. ఆ బండి అంటే ఆయనకు ఒళ్ళు మంట.

మా ఇంట్లో శనివారమంటే మగవాళ్ళకు తలంటు. గోచీలు పెట్టి పెరట్లో బారుగా కూర్చుంటే, అత్త గోరువెచ్చని మంచినూనె తెచ్చి ఒక్కొక్క నడినెత్తిన పోసి తప్పెట వాయించినట్టు కొట్టేది. ఆ వరస మనుషులతో ఆగేది కాదు. ఎద్దుల కొమ్ములకు, గుమ్మం తలుపు బందులకు, చివరికి నా బండికి కూడా. "కష్టపడేది ఏదీ ఎండు తలతో ఉండకూడదు" అని, గిన్నెలో మిగిలిన నూనెను పెట్రోలు తొట్టిలో కుమ్మరించేది. ఆ బండి ఇంజనుకు వేరే నూనె తిత్తి లేదు. పెట్రోలులోనే కొంచెం మోటారు నూనె కలిపి పోయాలి, అదే లోపలంతా తడుపుతుంది. ఎటూ నూనె తాగే బండే కదా, ఇంటి నూనె ఇంకాస్త తాగితే బలమే కదా అని మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో బండికి జబ్బు చేసింది. కోవిల్పట్టి నుంచి సింహంలా బయల్దేరేది. సాత్తూరు చేరేసరికి మేక అయ్యేది. సాత్తూరు దాటాక వచ్చే మెరక మీద ముసలి నత్త అయ్యేది. పొగ మాత్రం పెరిగింది. ఆ పొగకు దారి పొడుగునా దోమల వంశాలు నిర్వంశమయ్యాయి. మేస్త్రీలకు చూపించాను. ఒకడు నిప్పురవ్వ వేసే ప్లగ్గు మార్చాడు. ఇంకొకడు పెట్రోలు పోయే సన్నని దారులన్నీ ఊదాడు. గడియారాలు బాగుచేసే ఆయన దాని పొట్టకు చెవి పెట్టి విని, దిష్టి తగిలిందన్నాడు. ఒకరోజు ఆ మెరక మీద నేను బండి తోస్తుంటే బస్సు నన్ను దాటిపోయింది. బస్సు మీది మేక నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ సాయంత్రం చిన్నసామి మామ అందరూ వినేలా అన్నాడు: "వదినా, దాన్ని అమ్మేసి ఒక ఎద్దును కొందాం. ఎద్దయితే పేడైనా వేస్తుంది. వీణ్ణి గింజల కొట్టుకు పంపు."

అత్త నశ్యం డబ్బీ మూసి నా వైపు తిరిగింది. "సోమవారం వరకే చూస్తా, అబ్బయ్యా. ఆ పొద్దు బస్సుకు ముందు విరుదుపట్టి చేరకుంటే బండి సంతకు, నువ్వు గింజల కొట్టుకు. సరేనా?" ఊరి పేరు మారినా ఆమెకు అది విరుదుపట్టే. గింజల కొట్టంటే చీకటి, పత్తిపురుగులు, చిన్నసామి మామ. నేను సరేనన్నాను గానీ గొంతులోంచి మాట రాలేదు, గాలి వచ్చింది.

"గాలి వదలొద్దు. బండి తీసుకురా" అంది అత్త.

మిల్లు వాకిట పత్తి బేలు మీద సింహాసనంలా కూర్చుని ఆమె విచారణ మొదలుపెట్టింది. బండిని ముట్టుకోలేదు, నన్ను మాత్రం పిండింది.

"చల్లగా ఉన్నప్పుడు తోస్తే పట్టుకుంటుందా?"

"ఒక్క తోపుకే అత్తా."

"అంటే నిప్పు బాగుండాది. ఆ మెరక మీద చచ్చేటప్పుడు దగ్గుతుందా, నీరసపడుతుందా?"

"దగ్గదు. మెల్లమెల్లగా చతికిలబడుతుంది."

"పెట్రోలు అందక ఆకలయితే దగ్గుతుందిరా. దీనికి ఆకలి లేదు. ఆపి కొంచేపు పండబెడితే?"

"లేస్తుంది. మళ్ళీ కొంత దూరం పోయి పడిపోతుంది."

అత్త లేచి, బేలులోంచి గుప్పెడు దూది పీకి, మిల్లు ఇంజను పొగగొట్టం ముందు పట్టి వదిలింది. దూది గోడ దాటి ఎగిరిపోయింది. "ఇప్పుడు నీదాన్ని మోగించు" అంది. మోగించాను. నా బండి గొట్టం ముందు దూది ఊగింది, వణికింది, నల్లబడింది. ఎగరలేదు.

"పెద్ద ఇంజను రెండు చుట్లకొకసారి ఊపిరి వదిలేది. నీది ప్రతి చుట్టుకూ వదలాల. పీల్చేది పీల్చుకుంటుండాది, వదిలేదానికి దారి లేదు. ముక్కు మూసుకున్నోడిని మెరక ఎక్కమంటే ఎక్కుతాడా? ఆ గొట్టం పీకి, మళ్ళీ మోగించు."

పీకాను. మోగించాను. అయ్యలారా, అది చప్పుడు కాదు, ఆకాశానికి పడిన చిల్లు! పావురాలు లేచాయి, ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి, రైల్వే స్టేషనులో ఒకాయన బండి వచ్చిందనుకుని పెట్టె ఎత్తుకున్నాడు. ఈసారి దూది ఎగిరి చిన్నసామి మామ మీసానికి చిక్కుకుంది. మిల్లు చుట్టూ తిరిగితే బండికి పూర్వజన్మ బలమంతా తిరిగొచ్చింది.

ఇంజను విప్పితే, పొగ బయటికి పోయే కిటికీ నల్లని గట్టి మసితో పూడిపోయి, చింతగింజ దూరేంత సందు మిగిలింది. గొట్టం లోపలా అదే. లోపలి ఇనుము గీసుకుపోకుండా వెదురుబద్దతో ఆ మసి గోకాను. అత్త ఒక పెచ్చు తీసుకుని, నిప్పు మీద కాల్చి వాసన చూసింది. మళ్ళీ చూసింది.   ఎవరి తల ఎగురుతుందో అని పనివాళ్ళంతా వెనక్కి జరిగారు.

"అందరూ ఈడికి రండి!" అని కేకేసింది. మిల్లు ఆపించి మరీ పిలిచింది. "ఇది మోటారు నూనె మాడిన వాసన కాదు. మురుకులు వేసిన బాణలి అడుగు. వారం వారం దీని నెత్తిన మంచినూనె పోసింది ఎవరు? నేను. దీని గొంతు పూడ్చింది ఎవరు? నేనే. బాగా వినండి. మేస్త్రీల తప్పు లేదు, పిల్లోడి తప్పు లేదు."

చిన్నసామి మామకు పండగ వచ్చింది. "వదినా, నూనె పోసినదానివి సీకాయి వేసి రుద్దలేదా?"

"రుద్దింటే పోయుండునురా! సగం తలంటు చేస్తి, అదే నా తప్పు" అంది అత్త. అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా ఆమే. తప్పు ఒప్పుకుంటే మనిషి కాస్త చిన్నబోతాడని అంతవరకు అనుకునేవాణ్ణి. ఆమె ఆ వాకిట నిలబడి ఒప్పుకుంటుంటే మిల్లు చిమ్నీ పొట్టిగా కనిపించింది.

సోమవారం పొద్దున తొట్టి కడిగి, లెక్క ప్రకారం మోటారు నూనె మాత్రమే కలిపి, బండి బయటికి తీశాను. అత్త చెంగు నడుముకు బిగించి, మచ్చు పొట్లం ఒళ్ళో పెట్టుకుని వెనక పీట మీద ఒక పక్కకు ఎక్కి కూర్చుంది.

చిన్నసామి మామ అడ్డొచ్చాడు. "ఏంటికి వదినా ఇది? ముండమోసినదానివి, ఊరు నవ్వదా?"

"నవ్వనీ. చెడగొట్టింది నేను, బాగయిందో లేదో నేనే కూర్చుని చూడాల. నువ్వు నవ్వేది ఆపి తొయ్యి!"

ఆయనే తోశాడు. బండి పట్టుకుంది. సాత్తూరు వరకు అత్త ఇంజను చప్పుడే వింటూ కూర్చుంది. వైపారు నది దాటాం. మెరక మొదలయ్యే చోట బస్సు మా ముందు దుమ్ము రేపుతూ ఎక్కుతోంది. అక్కడే కదా నేను రోజూ దిగి తోసేది! నా మోకాళ్ళు వాటంతటవే దిగడానికి సిద్ధమయ్యాయి. అత్త నా వీపు మీద, శనివారం నెత్తిన కొట్టినట్టే, ఒక చరుపు చరిచింది. "దానికి ఊపిరి వచ్చింది, నీకు రాలేదా? తిప్పరా!" తిప్పాను. బండి నీరసపడలేదు. పాట పాడుతూ ఎక్కింది. బస్సు పక్కకు రాగానే అత్త డ్రైవరును తమిళంలో ఏదో అడిగింది. ఆ గాలిలో నాకు సగమే వినిపించింది గానీ, అతను మాత్రం స్టీరింగు వదిలి దండం పెట్టాడు. బస్సు మీది మేక ముఖం తిప్పుకుంది. ఇది మాత్రం ప్రమాణపూర్తిగా చూశాను.

విరుదునగరంలో మా మచ్చు తరగరి బల్ల మీద విప్పి, వేళ్ళతో సాగదీసి, బేరం ముగిసేదాకా అవతలి మిల్లు పొట్లం ఏ ఊళ్ళో దిగనన్న మేక దగ్గర ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. తరగరి కళ్ళజోడు పైకెత్తి, "ఇన్నాళ్ళు బండికి ఏమయిందమ్మా?" అని అడిగాడు. ఆ బజారులో ఒక ఆడది మోటారు సైకిలు దిగడమే వింత. జనం చుట్టూ మూగి ఉన్నారు. ఇంజను పోయిందనో, రోడ్డు బాగా లేదనో చెప్పి ఉండవచ్చు.

"నేనయినాను" అంది అత్త, వీధి చివరిదాకా వినిపించేలా. "ఇప్పుడు లేను. కాఫీ ఎక్కడ దొరుకుతుంది?"

నేను గింజల కొట్టుకు పోలేదు. ఆ బండి మీద ఇంకా ఎన్నో మచ్చులు మోశాను. అత్త పోయాక మిల్లు నాకు వచ్చింది. ఇవాళ ఏ ఇంజను మొరాయించినా పనివాళ్ళను ఎవరినీ అడగకముందు, వాకిట నిలబడి మొదట నన్నే అడుగుతాను, గొంతెత్తి, పావురాలు లేచేలా: "నిన్న నువ్వేం చేశావు?" అలా అడిగిన రోజు మేస్త్రీ దాచిపెట్టిన విరిగిన బోల్టును తనంతట తానే జేబులోంచి తీసి బల్ల మీద పెడతాడు. ఇంజను మధ్యాహ్నానికల్లా ఆడుతుంది.