ఈరన్న మామ నవ్విన సీను

మా చిన్నప్పుడు... జెండా పండుగ రోజు పొద్దున్నే ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి జనమంతా అవ్వ ఇంటి ముందు చేరేవాళ్ళు. లోపల మా ఈరన్న మామ బాపూజీ వేషం కట్టుకుంటూ ఉండేవాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మిగతా రోజుల్లో మగ్గం నేస్తూ బీడీ మీద బీడీ కాల్చే మనిషి. ఆ రోజు మాత్రం తెల్లారకముందే గుండు కొట్టించుకుని, తను నేసిన తెల్ల పంచెనే మోకాళ్ళ పైకి కట్టి, అద్దాల్లేని కళ్ళజోడు పెట్టుకుని, చేతికర్రతో గడప దాటేవాడు. అంతే... కన్నతల్లి అవ్వ కూడా ఆ పూట మామను "ఒరే" అని పిలిచేది కాదు.

మా వీధికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలీదు. వేషం దించేదాకా మామకు ఎవరూ బీడీ అమ్మేవాళ్ళు కాదు. ఊరేగింపు సారా అంగడి దగ్గరికి రాగానే అంగడాయన తలుపులు మూసేసి, తనూ బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. మామ ఆయన్ని ఒక్క మాటా అనేవాడు కాదు... చూసి నవ్వేవాడు. ఆ నవ్వు చూడ్డానికే పిల్లలం అక్కడిదాకా పరిగెత్తేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆదోని కోటలో సినిమా తీయడానికి మనుషులొచ్చారు. స్వాతంత్ర్య పోరాటం కథ. అందులో బాపూజీ ఒక్క సీనులో వస్తాడట. ఎవరో చెబితే మామను పిలిపించారు. నడిచి చూపించమన్నారు, నచ్చింది. నవ్వమన్నారు... అక్కడ వచ్చింది తంటా. "మనిషి బాగా కుదిరాడు, బాపూజీ బోసినవ్వుకు ఆ పైపళ్ళే అడ్డం" అన్నాడట మేనేజరు.

అతను మాటవరసకే అన్నాడేమో... మా మామ నేరుగా పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి, రాళ్ళలాంటి ముందుపళ్ళు రెండు పీకించుకుని ఇంటికొచ్చాడు.

అవ్వ తల పట్టుకుని కూర్చుంది. "పెండ్లి కావాల్సినోనివి గదరా... పిల్లనిచ్చేటోల్లకు ఏం సెప్పల్ల నేను?" అని ఏడ్చింది.

"ఊరుకోమ్మా. తెర మీద నేను నగేది సూసినాక నువ్వే దిష్టి తీస్తావు" అన్నాడు మామ. నోటి నిండా దూది, అయినా ఎంత సంబరమో ఆ మనిషికి.

షూటింగులో తనను మళ్ళీ మళ్ళీ నవ్వించారని వచ్చి చెప్పాడు. వేషంలో ఒక ఫోటో దిగరా, స్టూడియోకి పోయి రా అని అమ్మ ఎంతో పోరింది. "సినిమాలోనే పడతాంటే ఇంగ ఫోటో యాలక్కా?" అన్నాడు.

సినిమా ఆదోనికొచ్చింది. ఇంటిల్లిపాదీ బస్సెక్కి పోయాం. ఎన్నడూ సినిమా హాలు మొహం చూడని అవ్వ కూడా పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది. అవ్వకు ఒక పక్క మామ, ఇంకో పక్క నేను కూర్చున్నాం.

సీను వచ్చింది. గుండు, తెల్ల పంచె, చేతికర్ర... అన్నీ వెనక నుంచి. కోట మెట్లెక్కుతున్నాడు, జనం దండాలు పెడుతున్నారు. నడక మా మామదే. పైమెట్టు మీద ఆగాడు. ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు నవ్వుతాడు అనుకున్నాం... ఇంతలో తెర నిండా జెండా వచ్చేసింది.

"ఈరా... ఈ తట్టు తిరగరా నాయనా" అని అవ్వ గట్టిగానే అనేసింది.

ముందు వరుసల్లో ఎవరో నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

అంతటి మహానుభావుడి ముఖం ఇంకొకరికి పెట్టి చూపిస్తే బాగుండదని అనుకున్నారట. సినిమాల్లో అలా వెనక నుంచో, నీడగానో చూపించి వదిలేస్తారని తర్వాత తెలిసింది. గౌరవమే, కాదనను. ఆ గౌరవం సంగతేదో పళ్ళు పీకించుకోకముందే తేల్చుకుని ఉంటే ఏం పోయేది... నాకు ఇప్పటికీ కోపమే.

మరుసటేడు జెండా పండక్కి వీధి పెద్దలు పిలవడానికి వచ్చారు. "ఇప్పుడే నువ్వు అచ్చం ఆయప్ప మాదిరి ఉండావు, రా ఈరన్నా" అన్నారు. మామ మగ్గం గుంతలోంచి లేవలేదు. "నన్ను ఇడిసిపెట్టండప్పా" అన్నాడు. ఆ తర్వాత నవ్వొచ్చినప్పుడల్లా తువ్వాలు అడ్డం పెట్టుకోవడమే. సంబంధాలు వస్తే తనే వద్దన్నాడు.

ఆ ఏడు ట్రాక్టరు మీద బాపూజీ బొమ్మను కూర్చోబెట్టి ఊరేగించారు. సారా అంగడి తలుపులు తెరిచే ఉన్నాయి. బొమ్మకు ఎవరు మూస్తారు...

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఫోనులో బాపూజీ డాన్సు చేస్తాడు, డైలాగులు చెబుతాడు. ఎవరికి తోచిన మాటలు వాళ్ళు ఆయన నోట్లో పెడుతున్నారు. ఇన్ని వేల ముఖాలున్నాయి గానీ, ఆ వేషంలో మా మామ ముఖం మాత్రం ఎక్కడా లేదు.

మొన్న ఆ పాత సినిమా ఫోనులో దొరికింది. ఆ సీను దగ్గర ఆపి మా మనవరాలికి చూపించాను... ఈయనే మా ఈరన్న మామ అని.

"మొగం యాడుందవ్వా?" అంది. నేను చెప్పేలోపే ఫోను మీద వేలు పెట్టి అటు జరిపింది, ఇటు జరిపింది... మామను మా వైపు తిప్పుదామని.

తల్లి పిలిస్తేనే తిరగలేదు బంగారూ... నీ వేలికి తిరుగుతాడా.

మీ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు బాపూజీ వేషం కట్టే ఉంటారు. ఆ మనిషి ముఖం కనపడే ఫోటో మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి... నవ్వుతున్నదైతే ఇంకా మంచిది. కాసేపు చూసుకుంటాను.